క్యారవాన్‌లో పరికరం మొరాయిస్తే: విప్పే ముందు కరెంటు దారి పట్టండి

నిక్షేపంలాంటి నీళ్ల పంపును ఒకసారి నా చేతులతోనే పీకి పారేశాను. కొత్తది తెచ్చి బిగించాను. అదీ తిరగలేదు. సింకు కింద మూడు గంటలు పొర్లాడాక అసలు దొంగ దొరికింది. పంపు నెగెటివ్ వైరును బండి చట్రానికి బిగించిన ఒక స్క్రూ, దాని కింద వేలిగోరంత తుప్పు. గీకి బిగించగానే పంపు బుర్రుమంది. పాత పంపు అప్పటికే చెత్తకుప్పలో ఉంది.

అప్పటి నుంచి బండిలో ఏది ఆగినా నా మొదటి అనుమానం పరికరం మీదికి పోదు, దానికి కరెంటు చేరే దారి మీదికి పోతుంది. ఇల్లు కదలదు కాబట్టి ఇంట్లో ఒకసారి బిగించిన స్క్రూ బిగించినట్టే ఉంటుంది. క్యారవాన్ మాత్రం ప్రయాణం సాగినంతసేపూ అదురుతూనే ఉంటుంది. ఆపైన వానచెమ్మ, నెలల తరబడి వాడకుండా నిలిపి ఉంచడం, అడుగున దూరి వైర్లు కొరికే ఎలుకలు. ఇన్నిటి మధ్య ముందుగా దెబ్బతినేవి జాయింట్లే. అందుకే కింద చెప్పే పద్ధతి అంతా కరెంటు బయలుదేరే చోట మొదలై పరికరం దగ్గర ముగుస్తుంది.

మొదటి పని: గొడవ ఏ కరెంటుదో తేల్చండి

క్యారవాన్ అనండి, మోటార్‌హోమ్ అనండి, ఆర్‌వీ అనండి, ఇల్లులా మలిచిన ఇలాంటి బండిలో రెండు కరెంట్లు పక్కపక్కనే నడుస్తాయి. ఒకటి బ్యాటరీ ఇచ్చే 12 వోల్టుల డీసీ. దీపాలు, నీళ్ల పంపు, గ్యాసు రూమ్ హీటర్ ఫ్యాను, ఫ్రిజ్ కంట్రోల్ బోర్డు, గ్యాసు లీకు అలారం దీని మీద నడుస్తాయి. రెండోది బయటి కరెంటు స్తంభం (బండి నిలిపే చోట ప్లగ్గు పెట్టుకోవడానికి ఉండే సాకెట్టు స్తంభం) నుంచో జనరేటర్ నుంచో వచ్చే మెయిన్స్. కొన్ని దేశాల్లో అది 120 వోల్టులు, మరికొన్ని చోట్ల 230. ఎయిర్ కండిషనర్, మైక్రోవేవ్, గోడ సాకెట్లు, వాటర్ హీటర్ ఎలిమెంట్ దీనివి. ఈ రెండింటి మధ్య రెండు వంతెనలున్నాయి. మెయిన్స్‌ను డీసీగా మార్చి బ్యాటరీని చార్జి చేసేది కన్వర్టర్. బ్యాటరీ కరెంటును మెయిన్స్‌గా మార్చేది ఇన్వర్టర్. పేర్లు దగ్గరగా ఉండటంతో చాలామంది ఒకదాన్ని ఇంకొకటి అనుకుని తప్పు పెట్టెను విప్పుతారు.

ఏదీ విప్పకుండా ముందు బండంతా తిరిగి అన్నిటినీ ఒక్కొక్కటిగా ఆన్ చేసి చూడండి. ఏవి పనిచేస్తున్నాయో, ఏవి లేదో కాగితం మీద రాసుకోండి. ఈ ఐదు నిమిషాల పని సగం జబ్బును బయటపెడుతుంది.

మెయిన్స్ తగిలించి ఉన్నంతసేపు దీపాలు వెలిగి, ప్లగ్గు తీయగానే ఆరిపోతున్నాయా? కన్వర్టర్ బాగుంది, బ్యాటరీ వైపు దారి తెగింది. బ్యాటరీ డిస్కనెక్ట్ స్విచ్ ఎవరైనా ఆఫ్ చేశారేమో చూడండి. తరవాత బ్యాటరీ పక్కనున్న మెయిన్ ఫ్యూజు, ఆ తరవాత ఫ్యూజు బోర్డులో ‘రివర్స్ పొలారిటీ’ అని రాసి ఉండే ఫ్యూజులు. బ్యాటరీని ఎప్పుడైనా తిరగేసి తగిలిస్తే, ఒక్క క్షణమైనా సరే, ఈ చివరివి కాలిపోతాయి. చలికాలం బ్యాటరీ తీసి దాచి మళ్లీ బిగించాకే ఈ గొడవ మొదలైందంటే వేరే సాక్ష్యం అక్కర్లేదు.

అలా కాకుండా, మెయిన్స్‌లో ఉన్నా రెండో రోజుకు దీపాలు మసకబారుతున్నాయంటే కన్వర్టర్ చార్జి చేయడం లేదు. గోడ సాకెట్లలో కొన్ని మాత్రమే చచ్చాయంటే ఒక బ్రేకరో, ఎర్త్ లీకేజీ రక్షణ (కరెంటు దారి తప్పి లీకైతే వెంటనే ఆపేసే ఏర్పాటు) ఉన్న సాకెట్టో ట్రిప్ అయింది. 120 వోల్టుల దేశాల్లో 50 యాంపియర్ల పెద్ద ప్లగ్గు ఉన్న బండ్లలో రెండు ఫేజు వైర్లు వస్తాయి. సగం పరికరాలు నడిచి సగం ఆగితే స్తంభం దగ్గర ఒక ఫేజు రావడం లేదేమో చూడాలి.

చేయి పెట్టే ముందు

12 వోల్టులు మనిషికి షాక్ కొట్టవు. కానీ బ్యాటరీ రెండు కొనల మధ్య స్పానరో చేతి ఉంగరమో అడ్డుపడితే క్షణంలో ఎర్రగా కాలి చర్మం లోపలికి దిగుతుంది. ఉంగరాలు, గొలుసులు, లోహపు గడియారాలు తీసేయండి. బ్యాటరీ విప్పేటప్పుడు నెగెటివ్ ముందు తీయండి, బిగించేటప్పుడు నెగెటివ్ చివర పెట్టండి. లెడ్ యాసిడ్ బ్యాటరీ చార్జి అయ్యేటప్పుడు మండే హైడ్రోజన్ వాయువు వెలువడుతుంది. దాని దగ్గర నిప్పురవ్వ పుట్టకూడదు.

మెయిన్స్ సంగతి వేరు, అది ప్రాణం తీస్తుంది. ఒక సాకెట్టో బ్రేకర్ బోర్డో విప్పాలంటే బయటి ప్లగ్గు తీస్తే చాలదని గుర్తుంచుకోండి. ఇన్వర్టర్ ఆన్‌లో ఉంటే బ్యాటరీ నుంచే ఆ సాకెట్టుకు మెయిన్స్ వస్తుంది. కొన్ని బండ్లలో జనరేటర్ తనంతట తానే స్టార్ట్ అవుతుంది. మూడింటినీ ఆపండి, ఆపాక మీటరుతో కొలిచి సున్నా అని కళ్లారా చూశాకే వేలు పెట్టండి.

ఇంకొకటి. బండి మెట్టు ఎక్కబోతూ తలుపు పిడి పట్టుకుంటే చేతికి జివ్వుమనిపిస్తే, అది చిన్న విషయమని వదిలేయకండి. ఎక్కడో కరెంటు బండి ఒంటికి లీకవుతోంది, దాన్ని నేలలోకి తీసుకుపోవాల్సిన ఎర్త్ వైరు తెగి ఉంది. సాధారణంగా రెండూ కలిసినప్పుడే ఇలా జరుగుతుంది. తడి నేల మీద, ఒట్టి కాళ్లతో ఉన్నవారికి ఇది ప్రాణాంతకం. లోహాన్ని మళ్లీ ముట్టుకోకుండా స్తంభం దగ్గరి బ్రేకర్ ఆపి, ప్లగ్గు తీసేయండి. పిల్లలను దూరంగా ఉంచండి. లీకు దొరికేవరకు మళ్లీ తగిలించవద్దు. తాకకుండానే కరెంటును పసిగట్టే పెన్నులాంటి టెస్టర్ ఒకటి కొనుక్కోండి. కొత్త చోట ఆగి ప్లగ్గు పెట్టిన ప్రతిసారీ దాన్ని బండి ఒంటికి దగ్గరగా చూపించండి. అది కూత పెడితే అక్కడ ఆ కరెంటు మీకొద్దు.

చేతిలో ఉండాల్సినవి

డిజిటల్ మల్టీమీటర్, పైన చెప్పిన పెన్ను టెస్టర్, 12 వోల్టుల బల్బుకు రెండు వైర్లు కట్టిన టెస్ట్ ల్యాంపు, రకరకాల ఫ్యూజులు, గరుకు కాగితం, ఒక వైరు బ్రష్. మెయిన్స్ సాకెట్లో గుచ్చితే ఫేజు, న్యూట్రల్, ఎర్త్ సరిగా ఉన్నాయో లేదో దీపాలతో చూపే చిన్న ప్లగ్గు టెస్టర్ కూడా ఉంటే మంచిది. డీసీ కరెంటును కూడా కొలిచే క్లాంప్ మీటర్ ఉన్నవారు అదృష్టవంతులు. టెస్ట్ ల్యాంపు పాతకాలపు వస్తువులా కనిపిస్తుంది గానీ, మీటరు అబద్ధం చెప్పినప్పుడు నిజం చెప్పేది అదే. ఎలాగో ముందుముందు తెలుస్తుంది.

బ్యాటరీ దగ్గర మొదలుపెట్టండి

మొరాయించింది 12 వోల్టుల పరికరమైతే ముందుగా బ్యాటరీ కొనల దగ్గర కొలవండి. చార్జింగు ఆపి, లోడంతా (కరెంటు లాగే పరికరాలన్నీ) తీసేసి కొన్ని గంటలు ఊరకే ఉంచిన లెడ్ యాసిడ్ బ్యాటరీ నిండుగా ఉంటే 12.6 నుంచి 12.7 వోల్టులు చూపుతుంది. 12.2 అంటే దాదాపు సగం. 12 కిందికి పోయిందంటే అడుగంటుతోంది. ఇప్పుడు పంపునో హీటర్ ఫ్యానునో ఆన్ చేసి మళ్లీ చూడండి. 12.5 చూపిన బ్యాటరీ ఆ కాస్త లోడుకే 10.5కు కూలబడితే దాని ఆయువు తీరినట్టే. మొదట చూసిన 12.5 పైపై మెరుపు.

లిథియం బ్యాటరీ లెక్క ఇలా ఉండదు. అది ఖాళీ అయ్యే దాకా 13 వోల్టుల చుట్టుపక్కలే నిలబడి, చివర్లో ఒక్కసారిగా పడిపోతుంది. కాబట్టి వోల్టేజి చూసి ఎంత మిగిలిందో చెప్పలేం. అది ఉన్నట్టుండి సున్నా చూపితే చచ్చిపోయిందనుకోకండి. లోపలి బీఎంఎస్, అంటే బ్యాటరీని కాపాడే కంట్రోల్ బోర్డు, రక్షణ కోసం తలుపు మూసుకుంది. సరైన చార్జర్ తగిలిస్తే తరచుగా మళ్లీ తెరుచుకుంటుంది. గడ్డకట్టే చలిలో లిథియం బ్యాటరీ చార్జి తీసుకోకపోవడం కూడా జబ్బు కాదు. సున్నా డిగ్రీల కింద చార్జి చేస్తే సెల్స్ పాడవుతాయి కాబట్టి బీఎంఎస్ అడ్డుకుంటుంది.

తరవాత మెయిన్స్ తగిలించి అదే కొనల దగ్గర కొలవండి. కన్వర్టర్ పనిచేస్తుంటే 13.2కు పైన, చార్జింగు దశను బట్టి 14.4 దాకా కనిపించాలి. అంకె కదలకుండా 12.4 దగ్గరే ఉంటే కన్వర్టర్ నుంచి ఏమీ రావడం లేదు. కన్వర్టర్‌ను నిందించే ముందు దానికి మెయిన్స్ ఇచ్చే బ్రేకర్‌ను, ఇందాక చెప్పిన రివర్స్ పొలారిటీ ఫ్యూజులను చూడండి.

ఫ్యూజులు: కంటితో కాదు, మీటరుతో

ఫ్యూజును పీకి వెలుతురులో పెట్టి చూసి ‘బాగానే ఉంది’ అనడం అందరికీ అలవాటు. సన్నని పగులు కంటికి ఆనదు. ఫ్యూజును దాని స్థానంలోనే ఉంచి, వీపు మీద కనిపించే రెండు లోహపు చుక్కల దగ్గర విడివిడిగా కొలవండి. రెండో మీటరు పుల్లను నెగెటివ్ మీద పెట్టాలి. రెండు చుక్కల దగ్గరా 12 వోల్టులుంటే ఫ్యూజు బాగుంది. ఒకవైపే ఉంటే కాలింది. రెండు వైపులా లేకపోతే గొడవ ఫ్యూజుకు వెనక, అంటే బ్యాటరీ వైపు ఉంది.

బ్లేడు ఫ్యూజుల రంగులు ఎక్కడైనా ఒకటే. 10 యాంపియర్లది ఎరుపు, 15 నీలం, 20 పసుపు, 30 ఆకుపచ్చ. నీలం కాలితే నీలమే పెట్టండి. మాటిమాటికీ కాలుతోందన్న విసుగుతో ఆకుపచ్చది పెట్టడమంటే ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకోవడమే. పైగా ఆ వైరును కొరికి ఫ్యూజు కాలడానికి కారణమైంది నిజంగా ఎలుకే కావచ్చు. ఫ్యూజు ఉన్నది పరికరాన్ని కాపాడటానికి కాదు, గోడల మధ్య పోయే వైరు కాలకుండా ఆపడానికి. 15 యాంపియర్లకు సరిపోయే వైరులో 30 పారితే ముందు కరిగేది వైరు మీది తొడుగు.

కొత్త ఫ్యూజు పెట్టగానే కాలితే పరికరం వైర్లు విడదీసి ఇంకొకటి పెట్టండి. ఇప్పుడు కాలకపోతే తప్పు పరికరంలో ఉంది. అప్పటికీ కాలితే దారిలో ఎక్కడో పాజిటివ్ వైరు చట్రానికి రాసుకుంటోంది.

అసలు పరీక్ష: లోడు పెట్టి కొలవడం

ఇక్కడ కాస్త నిలబడి చదవండి. నా పంపు కథలో నేను చేసిన పొరపాటు ఇదే. పంపు వైర్లు విడదీసి, వాటి కొనల మధ్య మీటరు పెట్టాను. 12.4 చూపింది. ‘కరెంటు వస్తోంది, పంపే చెడింది’ అని తీర్పు ఇచ్చేశాను. మీటరు లాగే కరెంటు దాదాపు శూన్యం. తుప్పు పట్టిన స్క్రూ గుండా ఆ కాస్తా ఇబ్బంది లేకుండా పోతుంది. కానీ పంపుకు కావలసింది 5 నుంచి 8 యాంపియర్లు. అంత కరెంటు తుప్పు గుండా దూరాలంటే వోల్టేజి అంతా అక్కడే ఖర్చయిపోతుంది. పంపు తగిలించి ఉండగా కొలిచి ఉంటే 3 వోల్టులో 4 వోల్టులో చూపేది, నా డబ్బు మిగిలేది. టెస్ట్ ల్యాంపు గొప్పతనం కూడా ఇదే. బల్బు కరెంటు లాగుతుంది కాబట్టి బలహీనమైన దారి మీద గుడ్డిగా వెలుగుతుంది.

అందువల్ల పరికరం తగిలించి, స్విచ్ ఆన్ చేసి, దాని పాజిటివ్, నెగెటివ్ కొనల మధ్య కొలవండి. బ్యాటరీ దగ్గరున్న వోల్టేజికి అర వోల్టు లోపు తేడాతో ఇక్కడా కనిపిస్తే దారి బాగుంది, పరికరం పనిచేయకపోతే తప్పు దానిదే. తేడా అంతకు మించితే పాజిటివ్ దారిలో పోతోందా, నెగెటివ్ దారిలోనా అన్నది తేల్చాలి. పరికరం ఆన్‌లో ఉండగానే మీటరు ఒక పుల్ల బ్యాటరీ పాజిటివ్ మీద, రెండోది పరికరం పాజిటివ్ మీద పెట్టండి. మీటరులో కనిపించే అంకె ఆ దారి మింగేస్తున్న వోల్టేజి. అది 0.3 లోపు ఉండాలి. నెగెటివ్ వైపు కూడా ఇలాగే చేయండి. ఏ వైపు అంకె పెద్దదో ఆ తీగ పట్టుకుని వెనక్కి నడవండి. స్విచ్, జాయింటు, ఫ్యూజు, ఒక్కొక్కటి దాటుతూ కొలుస్తూ పోతే అంకె ఉన్నట్టుండి పడిపోయే చోటు వస్తుంది. మీరు వెతుకుతున్న స్క్రూ అక్కడే ఉంది.

వైరు పొడవు చాలకపోతే మామూలు వైరు ముక్కను మీటరు పుల్లకు కలిపి పొడిగించుకోవచ్చు. రంగులను మాత్రం నమ్మకండి. కొన్ని బండ్లలో 12 వోల్టుల పాజిటివ్ నల్లగా, నెగెటివ్ తెల్లగా ఉంటుంది. కారు వైరింగు అలవాటుతో నలుపు అంటే నెగెటివ్ అనుకున్నవాడు బోల్తా పడతాడు. మెయిన్స్ వైరింగులో అదే నలుపు ఫేజు కావచ్చు. ఏ వైరైనా కొలిచాకే దాని పేరు చెప్పండి.

మెయిన్స్ వైపు: స్తంభం దగ్గర చూడండి

మెయిన్స్ పరికరం ఆగితే బయటి స్తంభం నుంచి మొదలు. 120 వోల్టుల పద్ధతిలో ఫేజుకు న్యూట్రల్‌కు మధ్య 108 నుంచి 132 దాకా, 230 పద్ధతిలో 207 నుంచి 253 దాకా ఉంటే పర్వాలేదు. ఫేజుకు ఎర్త్‌కు మధ్య కూడా దాదాపు అంతే ఉండాలి. న్యూట్రల్‌కు ఎర్త్‌కు మధ్య సున్నాకు దగ్గరగా ఉండాలి. అక్కడ పెద్ద అంకె కనిపిస్తే ప్లగ్గు పెట్టకుండా వేరే స్తంభానికి పోండి. చుట్టూ బండ్లన్నీ ఎయిర్ కండిషనర్లు వేసుకున్న మండువేసవి మధ్యాహ్నం వోల్టేజి కిందికి జారుతుంది. పొద్దున బాగున్నది మధ్యాహ్నం బాగుండకపోవచ్చు, అందుకే లోడు ఉన్నప్పుడూ కొలవాలి.

రెండు ఫేజుల 50 యాంపియర్ల పద్ధతిలో న్యూట్రల్ వదులైతే ఒకవైపు పరికరాలకు వోల్టేజి పెరిగి, ఇంకోవైపు తగ్గుతుంది. కొన్ని దీపాలు మరీ ప్రకాశంగా, కొన్ని మరీ గుడ్డిగా కనిపించిన క్షణంలోనే ప్లగ్గు లాగేయండి. ఇక్కడ తాత్సారం చేస్తే మైక్రోవేవ్, టీవీ, కన్వర్టర్ ఒకేసారి పోతాయి.

ప్లగ్గు పిన్నులను కూడా చూడండి. గోధుమరంగుకు మారినా, ప్లాస్టిక్ మెత్తబడినా పట్టు వదులుగా ఉందని అర్థం. 25 యాంపియర్లు పారుతున్న జాయింటులో పదో వంతు ఓం నిరోధం ఉంటే అక్కడ 62 వాట్ల వేడి పుడుతుంది. అరచేతిలో పట్టే ప్లగ్గును కరిగించడానికి ఆ వేడి చాలు. అరగంట లోడు తరవాత ప్లగ్గు వెచ్చగా ఉంటే సరే. చేయి పెట్టలేనంత వేడిగా ఉంటే ప్లగ్గు మార్చండి, స్తంభం సాకెట్టు కూడా నమ్మదగినది కాదు.

లెక్క కూడా ఒకసారి వేసుకోండి. 120 వోల్టుల దగ్గర 30 యాంపియర్లంటే 3,600 వాట్లు. 230 దగ్గర 16 యాంపియర్లంటే 3,680. ఎయిర్ కండిషనర్‌కు సుమారు 1,500, మైక్రోవేవ్‌కు 1,500, వాటర్ హీటర్ ఎలిమెంట్‌కు 1,440 అనుకుంటే మూడూ కలిసి హద్దు దాటేశాయి. బ్రేకర్ పడిపోవడం అప్పుడు లోపం కాదు, దాని ఉద్యోగం అది చేసింది.

ఎర్త్ లీకేజీ రక్షణ పడిపోతుంటే

వంటింటి సాకెట్టు, స్నానాల గది సాకెట్టు, బయటి సాకెట్టు తరచుగా ఒకే రక్షణ సాకెట్టు కింద ఉంటాయి. వంటింట్లో కరెంటు పోతే స్నానాల గదిలోని బటన్ నొక్కాల్సి రావడం అందుకే. మళ్లీ మళ్లీ పడిపోతుంటే అన్ని ప్లగ్గులూ తీసి, రీసెట్ చేసి, ఒక్కొక్కటిగా తగిలించండి. ఏది పెట్టగానే పడిందో దోషి అది. ఏదీ తగిలించకుండానే పడిపోతే బయటి సాకెట్టు మూత తెరిచి చూడండి. వాననీరు అక్కడే చేరుతుంది.

బండి మొత్తానికి ఒకే రక్షణ ఉన్నచోట చిత్రమైన దోషి ఇంకొకటుంది, నెలల తరబడి వాడని ఫ్రిజ్ హీటర్ (గ్యాసు మీద కూడా నడిచే ఫ్రిజ్ వేడితోనే పనిచేస్తుంది) లేదా వాటర్ హీటర్ ఎలిమెంట్. తొడుగు లోపలి పొడి చెమ్మను పీల్చుకుని కొద్దిగా లీకవుతుంది. మెయిన్స్ ఆపి ఆ ఎలిమెంట్ వైర్లు విడదీశాక రక్షణ నిలబడితే ఎలిమెంట్ మార్చుకోవాలి. ఏ కారణంతోనైనా సరే రక్షణను తప్పించి నేరుగా వైరు కలపడం మాత్రం ఆలోచనలోకి కూడా రానివ్వకండి.

ఒక్కో పరికరం తీరు

గ్యాసు రూమ్ హీటర్ గురించి ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే అందరూ దీని దగ్గరే తప్పుతారు. దీని పని వరుసగా సాగుతుంది. థర్మోస్టాట్ పిలవగానే ఫ్యాను తిరుగుతుంది. ఆ గాలి తాకిడికి లోపల రేకులాంటి చిన్న స్విచ్ కదిలి, ‘గాలి ఉంది’ అని బోర్డుకు చెబుతుంది. అప్పుడే గ్యాసు తెరుచుకుని నిప్పురవ్వ పుడుతుంది. ఫ్యాను తిరుగుతోంది, మంట రావడం లేదు, గ్యాసు సిలిండర్ నిండుగానే ఉంది అంటే బ్యాటరీ వోల్టేజి చూడండి. వోల్టేజి తగ్గితే ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది గానీ ఆ రేకును తోసేంత గాలి రాదు. తెల్లవారుజామున చలికి మెలకువ వచ్చి చూస్తే చల్లగాలి కొడుతుండటానికి కారణం సాధారణంగా ఇదే. వోల్టేజి బాగుండీ వెలగకపోతే ఆ రేకు మీద దుమ్మూ బూజూ పట్టాయేమో చూడాలి.

గ్యాసు మీద కూడా నడిచే ఫ్రిజ్‌ది ఇంకో తంతు. గ్యాసు మీద నడుస్తున్నా దాని బోర్డుకు 12 వోల్టులు కావాలి. ఆ కరెంటు పోతే గ్యాసు ఉన్నా ఫ్రిజ్ ఆగుతుంది. గ్యాసు మీద చల్లబడి, మెయిన్స్ మీద చల్లబడకపోతే ఎలిమెంట్‌ను అనుమానించాలి. మెయిన్స్ ఆపి, ఎలిమెంట్ వైర్లు విడదీసి ఓంలు కొలవండి. ఎంత రావాలో మీరే లెక్కగట్టవచ్చు: వోల్టులను వోల్టులతో హెచ్చించి, ఎలిమెంట్ మీద రాసిన వాట్లతో భాగించండి. 120 వోల్టుల 300 వాట్ల ఎలిమెంట్‌కు 48 ఓంలు. మీటరు అనంతం చూపితే లోపలి తీగ తెగింది. రెండింటి మీదా చల్లబడకపోతే మీటరు పక్కన పెట్టి బండి సమతలంగా ఉందా అని చూడండి. ఈ రకం ఫ్రిజ్‌లో అమ్మోనియా ద్రవం వాలును బట్టే పారుతుంది, ఒరిగిన బండిలో ఆగిపోతుంది. ఘాటైన అమ్మోనియా వాసన వస్తే ఆపేసి, తలుపులూ కిటికీలూ తెరవండి. అది విద్యుత్తు పని కాదు.

వాటర్ హీటర్ ఎలిమెంట్‌కూ అదే ఓంల లెక్క వర్తిస్తుంది. 120 వోల్టుల 1,440 వాట్లదానికి 10 ఓంలు. ట్యాంకులో నీళ్లు నింపకుండా స్విచ్ వేస్తే ఎలిమెంట్ నిమిషాల్లో మాడిపోతుంది. సీజన్ మొదట్లో జరిగే ప్రమాదం ఇది. వేడినీళ్ల కుళాయి తిప్పి నీళ్లు ధారగా వచ్చాకే స్విచ్ వేయండి.

ఎయిర్ కండిషనర్ మూలిగి బ్రేకర్‌ను పడగొడుతుంటే ముందు వోల్టేజి కొలవండి, తరవాతే స్టార్టింగ్ కెపాసిటర్ (కంప్రెసర్ మోటారుకు మొదటి తోపు ఇచ్చే భాగం) సంగతి. ఆపిన వెంటనే మళ్లీ వేసినా ఇలాగే మూలుగుతుంది. కంప్రెసర్ లోపలి ఒత్తిడి సమానం కావడానికి ఐదు నిమిషాలు ఇవ్వండి. కెపాసిటర్ కరెంటు ఆపాక కూడా చార్జి దాచుకుంటుంది కాబట్టి దాన్ని ఖాళీ చేయడం తెలియనివారు మూత తెరవకపోవడమే మేలు. మైక్రోవేవ్ అయితే తెలిసినవారు కూడా తెరవకండి. లోపలి కెపాసిటర్‌లో వేల వోల్టులుంటాయి.

అదే మైక్రోవేవ్ స్తంభం కరెంటు మీద బాగా నడిచి, ఇన్వర్టర్ మీద నడవకపోతే లోపం మైక్రోవేవ్‌ది కాదు. 1,500 వాట్లు 12 వోల్టుల నుంచి రావాలంటే 125 యాంపియర్లు, ఇన్వర్టర్ నష్టాలు కలిపితే ఇంకా పైన. బ్యాటరీ నుంచి ఇన్వర్టర్‌కు పోయే కేబుల్ సన్నదైనా, ఒక నట్టు వదులైనా వోల్టేజి కూలి ఇన్వర్టర్ కీచుమని ఆగిపోతుంది. లోడు మీద ఉండగా బ్యాటరీ కొనల దగ్గరా ఇన్వర్టర్ కొనల దగ్గరా కొలిచి తేడా చూడండి. కేబుల్ బాగుండీ మైక్రోవేవ్ బొంగురుగా మోగుతూ సగమే వేడెక్కిస్తుంటే ఇన్వర్టర్ ప్యూర్ సైన్ వేవ్ (నున్నని అలలా కరెంటిచ్చే) రకం కాకపోవచ్చు. మెట్లుమెట్లుగా వచ్చే చౌకరకం తరంగాన్ని మైక్రోవేవ్‌లు సహించవు.

వస్తూ పోతూ ఉండే లోపం

ఇదే అన్నిటికన్నా మొండిది. ఆగినప్పుడు చూడబోతే పనిచేస్తుంది, కదలగానే ఆగుతుంది. దీన్ని పట్టాలంటే ఇద్దరు కావాలి. 12 వోల్టుల వైపైతే ఒకరు టెస్ట్ ల్యాంపును చూస్తుండగా ఇంకొకరు వైర్లను, జాయింట్లను, స్విచ్‌లను ఒక్కొక్కటిగా మెల్లగా కదపాలి. ల్యాంపు మిణుకుమన్న చోట గుర్తు పెట్టండి. మెయిన్స్ వైపు మాత్రం కరెంటు ఉండగా చేత్తో కదపకండి. అక్కడ అన్ని మూలాలూ ఆపి, బోర్డు మూత తీసి, ప్రతి స్క్రూనూ బిగించి చూడండి. ముఖ్యంగా న్యూట్రల్ పట్టీ మీదివి. అరచుట్టు తిరిగే స్క్రూలు ఒకటి రెండు దాదాపు ప్రతి బండిలో దొరుకుతాయి. మాడిన మచ్చ, కరిగిన తొడుగు, నల్లబడిన బ్రేకర్ కనిపిస్తే మాత్రం బిగించి ఊరుకోకండి. ఆ ముక్క కత్తిరించి కొత్త కొన కట్టడం, బ్రేకర్ మార్చడం లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ పని.

అతన్ని పిలిచేటప్పుడు మీరు కొలిచిన అంకెలున్న కాగితం చేతికివ్వండి. బ్యాటరీ దగ్గర ఊరకే ఎంత, లోడు మీద ఎంత, పరికరం దగ్గర ఎంత, స్తంభం దగ్గర ఎంత. అతను గంటసేపు వెతకాల్సిన పని పది నిమిషాలకు తగ్గుతుంది, బాగున్న పంపులు చెత్తకుప్పకు చేరకుండా ఉంటాయి.